ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ క్లబ్ పెడుతున్నారా? టీషర్టుల సంగతి తర్వాత చూద్దాం

యూనివర్సిటీలో ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ క్లబ్ పెట్టాలనుకునే వాళ్లు మొదటి నెలలో చేసే పనులు దాదాపు ఎక్కడైనా ఒకేలా ఉంటాయి. పేరు పెడతారు, లోగో గీయిస్తారు, ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్, మార్కెటింగ్ హెడ్, పీఆర్ హెడ్, ఈవెంట్స్ హెడ్ అని పదవులు పంచుకుంటారు, టీషర్టులు ప్రింట్ చేయించుకుని ఫొటో దిగుతారు, ఎవరో ఒక పెద్ద మనిషిని పిలిచి ఆడిటోరియం నింపుతారు. ఆ తర్వాత పరీక్షలు వస్తాయి. అవి అయ్యాక గ్రూపులో ఎవరో 'నెక్స్ట్ మీటింగ్ ఎప్పుడు?' అని అడిగితే రెండు థంబ్స్ అప్ పడతాయి, జవాబు మాత్రం రాదు. ఇంత హడావుడిలో ఎవరూ ఏదీ అమ్మి ఉండరు, ఏదీ తయారు చేసి ఉండరు, ముక్కూ మొహం తెలియని మనిషిని ఆపి 'మీకు దీంతో ఏమైనా ఇబ్బంది ఉందా?' అని ఒక్కసారి కూడా అడిగి ఉండరు.

నా లెక్కలో ఇలాంటి క్లబ్ చేయాల్సిన పని ఒక్కటే. ప్రతి మెంబరూ వారంలో ఒక్కసారైనా బయటికి వెళ్లి ఏదో ఒకటి చేసి, వచ్చి, ఏం జరిగిందో మిగతా వాళ్ల ముందు చెప్పేలా చూడటం. గెస్ట్ లెక్చర్లు, పోటీలు, స్పాన్సర్లు, ఇన్‌స్టా పేజీ, ఇవన్నీ ఆ పనికి ఉపయోగపడితే ఉంచుకోండి, లేకపోతే వదిలేయండి.

ఇది కొత్త ఐడియా ఏం కాదు. 1975 మార్చిలో కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో గోర్డన్ ఫ్రెంచ్ అనే ఆయన గ్యారేజీలో హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ మొదలైంది. అది స్టూడెంట్ క్లబ్ కాదు, బిజినెస్ క్లబ్ అసలే కాదు, సొంతంగా కంప్యూటర్లు బిగించుకునే పిచ్చి ఉన్న వాళ్ల గుంపు. మొదటి మీటింగుకు వచ్చిన వాళ్లలో, తర్వాత యాపిల్ కంపెనీ పెట్టిన వాళ్లలో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్ కూడా ఉన్నాడు. తర్వాత యాపిల్ 1గా అమ్మిన బోర్డును ఆయన తోటివాళ్లకు చూపించిందీ, దాని సర్క్యూట్ డ్రాయింగులు ఉచితంగా పంచిందీ ఆ మీటింగుల్లోనే. వాటిని చాలాకాలం నడిపిన లీ ఫెల్సెన్‌స్టీన్ ఒక పద్ధతి పెట్టాడు. ముందు ఒక్కొక్కరే లేచి తమ దగ్గర ఏముందో, తమకేం కావాలో క్లుప్తంగా చెప్పాలి, దీన్ని 'మ్యాపింగ్' అనేవాళ్లు. తర్వాత ఎవరికి ఎవరితో పని ఉంటే వాళ్ల దగ్గరికి వెళ్లి మాట్లాడుకోవాలి, దీని పేరు 'ర్యాండమ్ యాక్సెస్'. మీ క్లబ్ మీటింగుకు ఇంతకన్నా మంచి నమూనా నాకు కనిపించలేదు, కింద చెప్పేదంతా దాదాపు దీన్ని పట్టుకునే చెబుతున్నాను.

ఎవరితో మొదలుపెట్టాలి

ముందు మీ యూనివర్సిటీలో ఇలాంటిది ఇప్పటికే ఉందేమో చూడండి. చాలా చోట్ల ఉంటుంది, కాగితం మీద. ఎనాక్టస్ లాంటి, స్టూడెంట్లతో వ్యాపార ప్రాజెక్టులు చేయించే అంతర్జాతీయ నెట్‌వర్కులకు అనుబంధంగా నడిచే టీములు కూడా ఉండొచ్చు. నిద్రపోతున్న క్లబ్‌ను లేపడం కొత్తది రిజిస్టర్ చేయించుకోవడం కన్నా చాలాసార్లు సులువు, ఎందుకంటే దానికి గది, బడ్జెట్, ఫ్యాకల్టీ అడ్వైజర్ ముందే ఉంటారు. లేపబోతే పాత కమిటీ వాళ్లు అడ్డం పడతారనుకుంటే మాత్రం వాళ్లతో గొడవ పెట్టుకోకుండా వేరే పెట్టుకోండి. కాలేజీ రాజకీయాల్లో దిగితే సెమిస్టర్ మొత్తం అక్కడే పోతుంది.

నలుగురైదుగురు చాలు. కానీ ఆ నలుగురూ ఒకే బ్రాంచి, ఒకే బెంచి అయితే కష్టం. అందరూ కోడింగ్ వచ్చిన వాళ్లయితే ప్రతి సమస్యకూ యాప్ కడతారు, అందరూ మేనేజ్‌మెంట్ వాళ్లయితే ప్రతి సమస్యకూ స్లైడ్లు చేస్తారు. డిజైన్ వచ్చిన వాళ్లు ఒకరు, లెక్కలు రాయడం తెలిసిన వాళ్లు ఒకరు, సిగ్గుపడకుండా ఎవరితోనైనా మాట్లాడగలిగే వాళ్లు ఒకరు ఉండాలి. ఈ మూడో మనిషి సాహిత్యం చదువుతున్నా, వ్యవసాయం చదువుతున్నా, ఏం చదువుతున్నా సరే పట్టుకురండి. ఫైనలియర్ వాళ్లు మాత్రమే ఉన్న కోర్ టీమ్ వద్దు, ఎందుకో చివర్లో చెబుతాను.

పదవులు మొదటి రెండు నెలలు ఇవ్వకండి. నిజంగా చెబుతున్నా, ఒక్క టైటిల్ కూడా వద్దు. కాగితం కోసం యూనివర్సిటీ ఇద్దరి పేర్లు అడిగితే ఎవరివో ఇద్దరివి రాసి ఇవ్వండి, అంతే. రెజ్యూమెలో 'హెడ్' అని రాసుకోవడానికి వచ్చే వాళ్లు టైటిల్ లేకపోతే రెండు వారాల్లో వాళ్లంతట వాళ్లే జారుకుంటారు, మీరు ఎవరినీ పొమ్మనక్కర్లేదు. రెండు నెలల తర్వాత చూస్తే గది ఎవరు బుక్ చేస్తున్నారు, రాని వాళ్లకు ఎవరు ఫోన్ చేస్తున్నారు, లెక్క ఎవరు రాస్తున్నారు అనేది మీకే తెలిసిపోతుంది. ఆ పనికే ఆ పేరు పెట్టండి.

ఫ్యాకల్టీ అడ్వైజర్ విషయంలో పేరున్న ప్రొఫెసర్ వెంట పడకండి. మెయిల్‌కు జవాబిచ్చే వాళ్లు, సంతకం అడిగితే వారం రోజులు తిప్పించుకోని వాళ్లు కావాలి. వాళ్లను కలిసినప్పుడు 'మేడమ్, మాకు మీ గైడెన్స్ కావాలి' అని గాలిలో మాట చెప్పి వచ్చేయకుండా సూటిగా కొన్ని అడగాలి. క్యాంపస్‌లో స్టూడెంట్లు వస్తువులు అమ్మడానికి అనుమతి ఉందా, క్లబ్ పేరు మీద డబ్బు తీసుకోవచ్చా, తీసుకుంటే ఏ ఖాతాలోకి వెళ్తుంది, బయటి వాళ్లను పిలిస్తే గేటు దగ్గర ఏం కావాలి, సాయంత్రం గది ఎన్ని గంటల వరకు తెరిచి ఉంటుంది. ఈ జవాబులు రాసుకుని రాతపూర్వకంగా మెయిల్‌లో కూడా పంపి ఓకే అనిపించుకోండి. అడ్వైజర్ మారిపోయినప్పుడు ఆ మెయిలే మిమ్మల్ని కాపాడుతుంది.

వారం వారం మీటింగ్

క్లబ్ బతుకంతా ఇక్కడే ఉంది కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువే చెబుతాను.

ఒకే రోజు, ఒకే టైము, ఒకే గది. 'ఈ వారం ఎప్పుడు కలుద్దాం' అని పోల్ పెట్టిన రోజే సగం మంది పోతారు. గంటన్నర చాలు, అందులో మొదటి సగం అందరూ కలిసి, రెండో సగం విడివిడిగా. మొదటి సగంలో ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, ఫోన్‌లో టైమర్ పెట్టి. చెప్పాల్సినవి మూడే: గత వారం ఏం చేశాను, దాంట్లో ఏం తెలిసింది, వచ్చే వారంలోగా ఏం చేస్తాను. పదిహేను మంది ఉంటే నలభై ఐదు నిమిషాలు. అంతకన్నా ఎక్కువ మంది వస్తే రెండు గుంపులుగా విడదీయండి, మూడు నిమిషాలను మాత్రం ఒక నిమిషానికి కుదించకండి. ఒక్క నిమిషంలో మనిషి గొప్పలు చెప్పుకోగలడు గానీ జరిగింది చెప్పలేడు.

ప్రతి ఒక్కరూ 'వచ్చే వారం చేస్తాను' అన్న మాటను ఒకరు బోర్డు మీదో షీట్‌లోనో రాయాలి, వచ్చే మీటింగ్ అక్కడి నుంచే మొదలవ్వాలి. ఇది కాస్త ఇబ్బందిగా ఉంటుంది, ఉండాలి కూడా. మొదట్లో ఇలాంటివి బాగా వినిపిస్తాయి:

'ఇంకా ఐడియా మీద వర్క్ చేస్తున్నాం అన్నా.'

'సరే, ఎవరితోనైనా మాట్లాడారా?'

'లేదన్నా, ముందు యాప్ రెడీ అయ్యాక...'

'యాప్ సంగతి సరే గానీ, వచ్చే వారంలోగా ముగ్గురితో మాట్లాడగలవా? రాసేయనా?'

తిట్టొద్దు, ఎగతాళి చేయొద్దు, కానీ రాయకుండా వదలొద్దు. వరుసగా మూడు వారాలు ఏమీ చేయకుండా వచ్చిన వాళ్లను బయట విడిగా అడగండి, అందరి ముందు వద్దు. పరీక్షలు, ఇంటి సమస్యలు, లేదా ఆ ఐడియా మీద మనసు పోవడం, ఏదో ఒకటి ఉంటుంది. మనసు పోతే వదిలేయమని మీరే చెప్పండి. సిగ్గుతో పాత ఐడియానే ఇంకా పట్టుకుని వేలాడుతున్న వాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు.

అసలు ఐడియా లేని వాళ్ల సంగతి? వచ్చిన వాళ్లలో సగం మంది వీళ్లే, వీళ్లను 'ముందు ఐడియా తెచ్చుకో' అని పంపేస్తే క్లబ్ సగం ఖాళీ. వీళ్లకు రెండు దారులు ఇవ్వండి. ఒకటి, ఇప్పటికే ఏదో చేస్తున్న టీమ్‌లో రెండు వారాలు చేరి ఒక చిన్న పని భుజాన వేసుకోవడం. రెండోది, తమ చుట్టూ జనం దేని గురించి విసుక్కుంటున్నారో వారం పాటు నోట్ చేసుకుని పది ఫిర్యాదులతో రావడం. సమస్యల పట్టిక పట్టుకొచ్చే వాళ్లు ఐడియా పట్టుకొచ్చే వాళ్ల కన్నా తొందరగా దారిలో పడటం తరచూ చూస్తుంటాం, ఎందుకంటే వాళ్లకు కాపాడుకోవడానికి ఇంకా ఏమీ ఉండదు.

విన్న వాళ్లు ఎలా స్పందించాలనేది కూడా ముందే చెప్పేయాలి. 'బాగుంది బ్రో', 'ఇది వర్కౌట్ అవ్వదు', ఈ రెండూ నిషిద్ధం. ప్రశ్న అడగొచ్చు, తెలిసిన మనిషి పేరు చెప్పొచ్చు, సాయం చేస్తానని ముందుకు రావొచ్చు. అభిప్రాయాలు కావాలంటే రెండో సగంలో, ఎవరికి కావాలో వాళ్లు అడిగినప్పుడు. రెండో సగంలో నడిపే వాళ్ల పని ఒక్కటే, గోడకు ఆనుకుని ఫోన్ చూసుకుంటున్న ఫస్టియర్ పిల్లను తీసుకెళ్లి ఆమెకు కావాల్సిన మనిషి ముందు నిలబెట్టడం. 'నీకు పోస్టర్ డిజైన్ కావాలన్నావు కదా, ఇదిగో ఈ అబ్బాయి చేస్తాడు' అని. చిన్న పనే గానీ, గదిలోకి ఒంటరిగా వచ్చిన మనిషి మళ్లీ వస్తాడా లేదా అన్నది ఎక్కువగా దీని మీదే ఉంటుంది.

ఐడియాను జనం దగ్గరికి తీసుకెళ్లడం

ప్రతి క్లబ్‌లోనూ కనీసం ఒక్కరికి వచ్చే ఐడియా ఒకటుంది: సీనియర్ల పాత పుస్తకాలు జూనియర్లకు అమ్మిపెట్టే యాప్. దీన్నే ఉదాహరణగా తీసుకుందాం. మామూలుగా ఏం చేస్తారంటే, గూగుల్ ఫారమ్ పెట్టి 'ఇలాంటి యాప్ ఉంటే వాడతారా?' అని అడుగుతారు, ఫ్రెండ్సే కదా, ఎనభై శాతం 'అవును' అంటారు, ఆ గ్రాఫ్ స్లైడ్‌లోకి ఎక్కుతుంది, నాలుగు నెలలు కోడింగ్ జరుగుతుంది. రిలీజ్ అయ్యాక ఎవరూ రారు.

'వాడతారా?' అనే ప్రశ్నకు ఎవరైనా మొహమాటానికి అవునంటారు. రేపు ఏం చేస్తారని అడక్కుండా నిన్న ఏం చేశారో అడగాలి. చివరిసారి టెక్స్ట్‌బుక్ కావాల్సి వచ్చినప్పుడు ఏం చేశావు? ఎక్కడ వెతికావు, ఎంతసేపు? దొరక్కపోతే ఏం చేశావు? దానికి ఎంత ఖర్చు పెట్టావు? పది మందిని ఇలా అడిగితే, ఎనిమిది మంది పీడీఎఫ్‌లతో కానిచ్చేస్తున్నారని తేలొచ్చు. అప్పుడు ఆ ఐడియా అక్కడితో అయిపోయింది, కానీ నాలుగు నెలలు మిగిలాయి. లేదా పుస్తకాల కన్నా డ్రాయింగ్ ఇన్‌స్ట్రుమెంట్లు, ల్యాబ్ కోట్లు, కాల్క్యులేటర్లకు అసలు గిరాకీ ఉందని బయటపడొచ్చు, అది ఫారమ్‌లో ఎప్పటికీ కనిపించేది కాదు, ఎందుకంటే ఫారమ్‌లో మీరు పుస్తకాల గురించే అడిగారు.

మాట్లాడేటప్పుడు మీ ఐడియా ఏంటో చివరిదాకా చెప్పకండి. చెప్పిన మరుక్షణం ఎదుటి మనిషి మిమ్మల్ని నొప్పించకుండా మాట్లాడటం మొదలుపెడతాడు. ఇద్దరుగా వెళ్లండి, ఒకరు మాట్లాడితే ఒకరు రాసుకోవాలి, వాళ్ల మాటల్లోనే. అపరిచితులతో మాట్లాడాలంటే చాలామందికి గుండె దడ, అది సహజం, మొదటి రెండు వారాలు అలవాటున్న వాళ్లను జతగా పంపితే తగ్గుతుంది. హాస్టల్ రూమ్మేట్, కజిన్, క్లాస్ లీడర్... వీళ్లను లెక్కలోకి తీసుకోకండి.

తర్వాతి మెట్టు అమ్మడం. యాప్ లేకుండా, వెబ్‌సైట్ లేకుండా, చేత్తో. పది వస్తువులు సీనియర్ల దగ్గర తీసుకుని, ఫొటోలు తీసి, ఒక గ్రూపులో పెట్టి, అడిగిన వాళ్లకు మీరే నడిచి వెళ్లి ఇచ్చి డబ్బు తీసుకోండి. పెద్ద కంపెనీలు కూడా ఇలాగే మొదలయ్యాయి. 1999లో ఆన్‌లైన్‌లో షూలు అమ్మే జాపోస్ కంపెనీని మొదలుపెట్టిన నిక్ స్విన్‌మర్న్ చెప్పుల గోడౌను ఏమీ కట్టలేదు, దగ్గరలోని షాపుకు వెళ్లి షూల ఫొటోలు తీసి ఆన్‌లైన్‌లో పెట్టాడు, ఎవరైనా ఆర్డర్ చేస్తే ఆ షాపులోనే కొని పంపాడు. ప్రతి జత మీద లాభం రాలేదు, కానీ జనం షూలను చూడకుండా, తొడుక్కోకుండా ఆన్‌లైన్‌లో కొంటారా అనే ప్రశ్నకు జవాబు వచ్చింది, ఆయనకు అప్పుడు కావాల్సింది అదే. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డిజైన్ కాన్ఫరెన్స్ ఉన్నప్పుడు బ్రయాన్ చెస్కీ, జో గెబియా తమ అపార్ట్‌మెంట్‌లో గాలి పరుపులు వేసి అద్దెకిచ్చారు, వచ్చింది ముగ్గురు. ఆ తర్వాత వాళ్లు పెట్టిన, ఇళ్లూ గదులూ అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ కంపెనీ పేరులోని 'ఎయిర్' ఆ గాలి పరుపుల నుంచి వచ్చిందే.

ముందుగా డబ్బు తీసుకుని తర్వాత వస్తువు ఇచ్చే పద్ధతి కూడా మంచి పరీక్షే, కానీ ఆ డబ్బు ముట్టుకోకుండా విడిగా ఉంచాలి, అనుకున్న తేదీకి ఇవ్వలేకపోతే అడక్కముందే తిరిగిచ్చేయాలి. క్లబ్ పేరు ఒక్కసారి పోతే మీ తర్వాత వచ్చే నాలుగు బ్యాచ్‌లు దాన్ని మోస్తాయి. తినే వస్తువులు, మందులు, అప్పులు, తోటి స్టూడెంట్ల పర్సనల్ డేటా, వీటితో 'చూద్దాంలే' అని ప్రయోగాలు వద్దు. వాటికి రూల్స్ ఉంటాయి, ఎవరికైనా ఏమైనా అయితే సరదా మిగలదు.

నా ఐడియా కొట్టేస్తారేమో!

మూడో మీటింగులో ఎవరో ఒకరు ఎన్‌డీఏ (విన్నది బయట చెప్పనని రాసిచ్చే ఒప్పందం) కాగితం పట్టుకొస్తారు. నవ్వుకోండి గానీ సంతకం చేయకండి, క్లబ్‌లో సంతకాలు పెట్టించుకోవడం మొదలైతే ఇక ఎవరూ నోరు విప్పరు. ఐడియా చెప్పకూడదనుకునే వాళ్లు ఐడియా చెప్పకుండానే 'ఈ వారం నలుగురు షాపు వాళ్లతో మాట్లాడాను' అని చెప్పొచ్చు, అది చాలు.

అసలు గొడవలు బయటి దొంగల వల్ల కాదు, టీమ్‌లోని స్నేహితుల మధ్యే వస్తాయి. స్నాప్‌చాట్ కథ చూడండి. 2011లో స్టాన్‌ఫర్డ్ స్టూడెంట్లు మొదలుపెట్టిన ఆ యాప్‌లో, మాయమైపోయే ఫొటోల ఆలోచన తనదేనని రెజీ బ్రౌన్ అనే తొలి సహచరుడు కేసు వేశాడు. 2014లో రాజీ కుదిరింది. కంపెనీ 2017లో షేర్ మార్కెట్‌కు వెళ్లేటప్పుడు దాఖలు చేసిన పత్రాల్లో ఆ రాజీ కోసం 15.75 కోట్ల డాలర్లు చెల్లించినట్టు ఉంది. మొదట్లోనే ఎవరి వాటా ఎంతో తేల్చుకుని రాసుకుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

కాబట్టి డబ్బు చేతులు మారడం మొదలైన ఏ టీమ్ అయినా ఒక పేజీ కాగితం రాసుకోవాలి, ఇది క్లబ్ రూల్‌గానే పెట్టేయండి. ఎవరు ఏం చేస్తున్నారు, ఎవరి వాటా ఎంత, ఎవరు ఎంత డబ్బు పెట్టారు, మధ్యలో వెళ్లిపోతే ఏమవుతుంది, చేసిన కోడ్, డిజైన్ ఎవరిది. వాటాలను ఒకేసారి చేతిలో పెట్టకుండా కాలంతో పాటు దక్కేలా పెట్టుకోవడాన్ని వెస్టింగ్ అంటారు. స్టార్టప్‌లలో బాగా నడిచే పద్ధతి నాలుగేళ్ల వెస్టింగ్, మొదటి ఏడాది నిండకముందే వెళ్లిపోతే ఏమీ రాదు. స్టూడెంట్ టీమ్‌కు నాలుగేళ్లు ఎక్కువనిపిస్తే తగ్గించుకోండి, కానీ 'మనం ఫ్రెండ్స్ కదరా, ఇవన్నీ ఎందుకు' అనే మాటకు మాత్రం పడిపోకండి. ఫ్రెండ్స్ కాబట్టే కావాలి. మూడో నెలలో ఒకడు ఉద్యోగం వచ్చి వెళ్లిపోతాడు, సగం వాటా వాడి పేరు మీదే ఉంటుంది, మిగిలిన వాళ్లు వాడి కోసం కూడా పనిచేస్తూ లోలోపల ఉడికిపోతుంటారు.

యూనివర్సిటీకి కూడా వాటా ఉండొచ్చని చాలామంది స్టూడెంట్లకు తెలియదు. ల్యాబ్ పరికరాలు, రీసెర్చ్ ఫండ్ వాడి తయారు చేసిన దాని మీద హక్కు ఎవరిదో ఒక్కో చోట ఒక్కోలా రాసి ఉంటుంది. సెర్చ్‌లో ఏ వెబ్ పేజీ ముందు రావాలో తేల్చే గూగుల్ పేజ్‌ర్యాంక్ పద్ధతి పేటెంట్ స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పేరు మీదే ఉండేది, లైసెన్సు ఇచ్చినందుకు యూనివర్సిటీకి 18 లక్షల షేర్లు వచ్చాయి, వాటిని అమ్మితే 33.6 కోట్ల డాలర్లు వచ్చాయి. అదేమీ దోపిడీ కాదు, ముందే ఒప్పందం ఉంది కాబట్టి ఇద్దరూ బాగుపడ్డారు. మీ దగ్గర పాలసీ ఏముందో కనుక్కుని, అర్థమయ్యే మాటల్లో ఒక పేజీ రాసి క్లబ్ ఫోల్డర్‌లో పెట్టండి, ప్రతి టీమూ ల్యాబ్‌లో అడుగు పెట్టకముందే అది చదవాలి.

ఈవెంట్లు: తక్కువ చేయండి

గెస్ట్‌ను పిలవాలంటే పెద్ద పేరు కన్నా మీకంటే రెండు మూడేళ్లు ముందున్న వాళ్లను చూడండి. కిందటేడాది మొదటి ఉద్యోగిని పెట్టుకున్న వాళ్లు, పోయినేడు మూసేసిన వాళ్లు. మూసేసిన వాళ్లు వస్తే ఇంకా మంచిది, వాళ్లు ప్రచారం చేసుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి నిజం చెబుతారు. పిలిచేటప్పుడే చెప్పండి, 'సర్, స్పీచ్ వద్దు, పదిహేను నిమిషాలు మీ మొదటి పది మంది కస్టమర్లు ఎలా వచ్చారో చెప్పండి, తర్వాత మా టీములు ప్రశ్నలు అడుగుతాయి' అని. చాలామందికి ఇది హాయి, స్పీచ్ తయారు చేసుకునే బాధ తప్పుతుంది. మొమెంటో, శాలువా, జ్యోతి ప్రజ్వలన లాంటివి మీ యూనివర్సిటీ పట్టుబడితే తప్ప పెట్టకండి. వెళ్లేలోపు ప్రతి టీమూ ఆయన్ని ఒక్క స్పష్టమైన సాయం అడగాలి, ఫలానా వాళ్లకు పరిచయం చేస్తారా అనో, ఈ ధర సరైనదేనా చూస్తారా అనో.

వీకెండ్ పోటీల విషయంలో నాది సగం సగం అభిప్రాయం. 2007లో మొదలైన స్టార్టప్ వీకెండ్ పద్ధతి ప్రకారం శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా 54 గంటల్లో ఐడియా నుంచి డెమో దాకా వెళ్తారు. కొత్త వాళ్లు ఒకరినొకరు పరిచయం చేసుకోవడానికి, ఒత్తిడిలో ఎవరు ఎలా పనిచేస్తారో చూడటానికి ఇంతకన్నా మంచి దారి లేదు. చిక్కంతా సోమవారంతో. చెక్కు పట్టుకుని ఫొటో దిగిన టీమ్ సోమవారం క్లాసుకు వెళ్లిపోతుంది, ఇక మళ్లీ కలవదు. మీరు పెడితే, ఆదివారం ప్రైజులో సగమే ఇవ్వండి, మిగతా సగం ఆరు వారాలు మీటింగుకు వచ్చి పని చూపించిన టీములకు. పాల్గొనే వాళ్లు కాస్త తగ్గుతారు, తగ్గనివ్వండి.

పిచ్ పోటీలది, అంటే జడ్జిల ముందు ఐడియాను కొద్ది నిమిషాల్లో చెప్పి మెప్పించే పోటీలది, ఇంకో రకం ప్రమాదం. ఎమ్‌ఐటీలో 1990లో 10 వేల డాలర్ల బహుమతితో మొదలై ఇప్పుడు లక్ష డాలర్ల పేరుతో నడుస్తున్న పోటీ, 10 లక్షల డాలర్ల హల్ట్ ప్రైజ్ లాంటివి ఉన్నాయి, వెళ్లండి, తప్పేం లేదు. కానీ ఒకే పిచ్ పట్టుకుని ఊరూరా పోటీలు తిరిగే టీములు తయారవుతాయి, వాళ్లకు ట్రోఫీలుంటాయి, కస్టమర్ ఒక్కరూ ఉండరు. జడ్జిని మెప్పించడం ఒక విద్య, కొనే మనిషిని మెప్పించడం వేరే విద్య. క్లబ్ తరఫున పోటీకి పంపాలంటే ఒక షరతు పెట్టండి: కనీసం ఒక్కరు డబ్బిచ్చి కొని ఉండాలి, ఎంత చిన్న మొత్తమైనా.

డబ్బు

పెద్దగా అక్కర్లేదు. గది ఉచితం, బోర్డు ఉచితం, మాట్లాడటం ఉచితం. స్పాన్సర్ వస్తానంటే బదులుగా ఏం అడుగుతున్నారో చూడండి. స్టేజీ మీద పేరు కావాలంటే సరే. మెంబర్ల ఫోన్ నంబర్ల లిస్టు కావాలంటే కుదరదని చెప్పేయండి, ఎంత ఇస్తానన్నా సరే. ప్రతి రూపాయికీ షీట్‌లో ఎంట్రీ, బిల్లు ఫొటో, ఇద్దరి అనుమతి, షీట్ అందరూ చూసేలా తెరిచి ఉండాలి.

కొంచెం డబ్బు మిగిలితే టీములకు చిన్న మొత్తాలు ఇవ్వండి, ఒక ప్రయోగానికి సరిపడా మాత్రమే. ఇచ్చే ముందు వాళ్లను పిచ్ డెక్ (ఐడియాను వివరించే స్లైడ్లు) అడగకండి, ఒక పేరా చాలు: ఏం తెలుసుకోవాలనుకుంటున్నారు, ఈ డబ్బుతో ఎలా తెలుస్తుంది, ఎప్పటిలోగా. డబ్బు తీసుకున్న టీమ్ ఏం తెలిసిందో రాసి ఇవ్వాలి. ఐడియా ఫెయిలైనా పర్వాలేదు, రాసి ఇవ్వకపోతే మాత్రం మళ్లీ డబ్బు ఇవ్వకండి.

క్లబ్ బాగా నడుస్తోందా లేదా అని ఎలా చూడాలి? గ్రూపులో ఎంతమంది ఉన్నారు, పేజీకి ఎంతమంది ఫాలోయర్లు అనేది పక్కన పెట్టండి, ఆ సంఖ్యలు డీన్‌గారికి పంపే రిపోర్టులో బాగుంటాయి. సెమిస్టర్ చివర మీరు చూసుకోవాల్సినవి వేరే: ఎంతమంది మెంబర్లు అపరిచితులతో మాట్లాడారు, ఎన్ని టీములకు డబ్బిచ్చిన కస్టమర్ ఉన్నారు, ఎన్ని టీములు ఆధారం చూసి తమ ఐడియాను వదిలేశాయి. ఈ మూడోది సున్నా అయితే అనుమానపడండి, ఎవరూ నిజంగా అడిగి చూడలేదన్నమాట.

హ్యాండోవర్

ఎక్కువ క్లబ్‌లు ఇక్కడే చచ్చిపోతాయి. ఫైనలియర్ వాళ్లు అన్నీ భుజాన వేసుకుని నడుపుతారు, ప్రాజెక్టు, ఇంటర్వ్యూల టెన్షన్‌లో పడి చివరి రెండు నెలలు కనిపించరు, వెళ్లేరోజు జూనియర్‌ను పిలిచి 'ఇక నువ్వే చూసుకోరా' అంటారు. వాడికి గది ఎవరిని అడగాలో తెలియదు, ఇన్‌స్టా తెరవబోతే ఓటీపీ ఎప్పుడో వెళ్లిపోయిన అక్క ఫోన్‌కు పోతుంది, ఆ అక్క నంబరు మారిపోయింది.

అందుకే చివరి ఏడాదికి ముందు ఏడాది వాళ్లే క్లబ్ నడపాలని రూల్ పెట్టండి. ఫైనలియర్ వాళ్లు సలహాదారులు, అంతే. కొత్త టీమ్‌ను ఏడాది చివర కాకుండా మధ్యలో ఎన్నుకోండి, అప్పుడు పాత వాళ్లు ఇంకా క్యాంపస్‌లోనే ఉంటారు, తప్పులు జరిగితే పక్కనే అడగొచ్చు. మెయిల్, డ్రైవ్, పేజీలు, పేమెంట్లు అన్నీ క్లబ్ పేరు మీది ఖాతాలో ఉండాలి, ఎవరి పర్సనల్ ఖాతాలోనూ కాదు, రికవరీ నంబరు ఏటా మార్చాలి. ఒక ఫోల్డర్‌లో పనికొచ్చిన పరిచయాల లిస్టు, అడ్వైజర్‌తో జరిగిన మెయిళ్లు, బిల్లుల షీట్, అన్నిటికన్నా ముఖ్యంగా ఏ ఈవెంటుకు ఎంత శ్రమ పడ్డారు, ఎంతమంది వచ్చారు, మళ్లీ చేయాలా వద్దా అని నాలుగు ముక్కల్లో రాసిన ఫైలు. లేదంటే ప్రతి బ్యాచ్ అదే ఈవెంట్‌ను అదే విధంగా పాడు చేస్తుంది.

ఓటింగ్ పెట్టాలా, అడ్వైజర్ ఎంపిక చేయాలా అంటే, ఆ ఏడాది వరుసగా మీటింగులకు వచ్చి తమ పని చూపించిన వాళ్లకే ఓటు, వాళ్లే అభ్యర్థులు. ఎన్నికల రోజు మొదటిసారి కనిపించే వాళ్లు ప్రతి చోటా ఉంటారు, స్నేహితుల గుంపును కూడా వెంట తెస్తారు. హాజరు షీట్ ఉంటే ఎవరితోనూ వాదించాల్సిన పని ఉండదు.

కొత్త ప్రెసిడెంట్ వచ్చాక పాత ప్రెసిడెంట్ మీటింగులకు రావొచ్చు, కానీ వెనక వరుసలో కూర్చోవాలి, 'మా టైమ్‌లో అయితే' అని మొదలుపెట్టకూడదు, తన వంతు వచ్చినప్పుడు గత వారం తాను ఏం చేశాడో చెప్పాలి, అదీ మూడు నిమిషాల్లోనే.